చిన్న సెల్లుల టార్చిని లేత్ మీద బోరింగ్ చేయించి 18650 పెడితే బాడీ ఎన్నాళ్లు నిలుస్తుంది?

ప్రశ్న: చెరువుగట్టు_రాత్రికాపు

నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. వెనామీ చెరువులు చేస్తాం, రాత్రి కాపలా నాది. ఏరియేటర్లన్నీ తిరుగుతున్నాయా, చెక్‌ట్రేలో మేత మిగిలిందా, రొయ్య పైకి తేలుతోందా అని గట్ల వెంట తిరిగి చూసుకోవాలి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైములో ఏరియేటర్ ఆగిపోయి ఎవరూ చూడకపోతే చెరువు చెరువే పోతుంది. అందుకే టార్చి విషయంలో నేను రాజీ పడలేను.

మా బావ అమెరికా నుంచి వచ్చేస్తూ తన పాత షూర్‌ఫైర్ 6పీ నాకిచ్చాడు. చేతిలోకి తీసుకుంటేనే తెలిసిపోతుంది ఎంత గట్టిదో. అయితే ఇందులో పట్టేది రెండు సీఆర్123ఏ సెల్లు. దాని పాత బల్బుకి 65 ల్యూమెన్లు, అదీ గంట సేపు. ఆ సెల్లు మా ఊళ్లో దొరకవు, ఆన్‌లైన్లో తెప్పిస్తే ఖరీదు. ఛార్జింగ్ కూడా పెట్టలేం. బల్బు బదులు పెట్టుకునే ఎల్ఈడీ మాడ్యూల్ ఒకటి తెప్పించాను, అది ఛార్జింగ్ పెట్టుకునే లిథియం సెల్లు, ఒక్క 18650 మీద నడుస్తుంది. ఇక్కడే చిక్కు వచ్చింది: సీఆర్123 సెల్లు లావు 17 మి.మీ., 18650 లావు 18 పైన. పొడవు దాదాపు సరిపోతోంది గానీ సెల్లు లోపలికి దిగదు. బాడీని లోపల బోరింగ్ చేయించాలంటున్నారు, అంటే లేత్ మీద లోపలి రంధ్రం పెద్దది చేయడం.

మా ఊళ్లో వర్క్‌షాపు కుర్రాడు వెర్నియర్ పెట్టి కొలిచాడు. బయటి వ్యాసం 25.4, లోపల 17.5, తోక వైపు మర అడుగున సుమారు 22 మి.మీ. వచ్చింది.

నా అనుమానాలు ఇవి. లోపల తీసేస్తే గోడ పలచబడి, కాంక్రీటు తూము మీద పడినప్పుడు పగులుతుందా? ఎలాగూ తీయిస్తున్నాం కదా, ఏకంగా ఇంకా లావైన 21700 సెల్లు పట్టేలా తీయిస్తే ఎలా ఉంటుంది? మాది ఉప్పునీటి చెరువు, గాలిలోనే ఉప్పు ఉంటుంది. లోపల పూత పోయాక ఆ అల్యూమినియం తట్టుకుంటుందా? చేసినవాళ్లు, వాడినవాళ్లు చెప్పండి.

జవాబు: డాలస్_బాబాయి

తమ్ముడూ, నా దగ్గర సరిగ్గా ఇదే ఉంది. బోరింగ్ చేసి ఉన్న 6పీ బాడీని ఇక్కడ టార్చిల పిచ్చి ఉన్న ఒకాయన దగ్గర కొన్నాను. అప్పటి నుంచి కారులో ఒక సెల్లు, టార్చిలో ఒక సెల్లు ఉంటాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా మంచుకి బిగుసుకుపోయి కరెంటు పోయినప్పుడు ఇంట్లో అందరం దాని మీదే ఆధారపడ్డాం.

పడటం గురించి అడిగావు కాబట్టి చెబుతున్నా. గరాజ్‌లో నిచ్చెన మీద నుంచి సిమెంటు నేల మీద పడింది. తల అంచు నొక్కుకుపోయింది, గాజు బాగానే ఉంది, గొట్టానికి గీత తప్ప ఏమీ కాలేదు. ఇంతకీ ఈ టార్చి పడిందంటే తల మీదే పడుతుంది, బరువంతా అటే కదా. నువ్వు గొట్టం గురించి భయపడుతున్నావు గానీ, నా అనుభవంలో ముందు అరిగేది తోక దగ్గర మర. సెల్లు మార్చినప్పుడల్లా విప్పి బిగిస్తుంటే ఇసుక రేణువు ఒక్కటి చేరినా గరగరమంటుంది. మర తుడిచి సిలికాన్ గ్రీజు కొంచెం రాస్తూ ఉంటే ఆ బాధ ఉండదు.

అసలు కోయకుండా పని అయ్యే దారి కూడా ఉంది. 17670 అనే సెల్లు ఈ బాడీలో ఏమీ చేయకుండానే దూరుతుంది. 16650 కూడా పడుతుంది, అది 16 మి.మీ. లావే. మంచి 16650 సెల్లు 2500 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే ఛార్జి కొలత) దాకా ఇస్తుంది. మంచి 18650 అయితే 3500. అంటే దాదాపు 30 శాతం తక్కువ సేపు వెలిగినా ఫర్వాలేదనుకుంటే లేత్ దగ్గరికి వెళ్లక్కర్లేదు. నువ్వు రాత్రంతా గట్టు మీద ఉండేవాడివి, నీకు అది చాలుతుందో లేదో నువ్వే తేల్చుకోవాలి.

జవాబు: టర్నర్_ఆటోనగర్

నేను విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద ఉంటాను. పంపు షాఫ్టులు, బుష్షులు, హైడ్రాలిక్ సిలిండర్లు మా రోజువారీ పని. టార్చి బాడీల బోరింగ్ నాకు ఇష్టమైన పని, ఎవరు తెచ్చినా కాదనను. పెద్ద జాబుల కంటే ఇందులోనే చేయి నిలకడ ఎక్కువ కావాలి. మీరు కొలతలు పెట్టి అడిగారు, అందుకని కొలతలతోనే చెబుతాను.

ముందు మధ్య గొట్టం సంగతి. 25.4 బయట, 17.5 లోపల అంటే ఇప్పుడు గోడ 3.95 మి.మీ. ఉంది. 18.7 కి తీస్తే 3.35 మిగులుతుంది. షాపులో కొనే 18650 టార్చిలు చాలావాటికి గోడ రెండు మి.మీ. చుట్టుపక్కలే ఉంటుంది, అవి బాగానే బతుకుతున్నాయి. గొట్టం వంగకుండా నిలిచే బలం ఎక్కడి నుంచి వస్తుందంటే, బయటి వ్యాసాన్ని దానితోనే నాలుగుసార్లు గుణించి, అందులోంచి లోపలి వ్యాసాన్ని అలాగే గుణించి తీసేయాలి. మిగిలేదే బలం. ఈ లెక్క వేస్తే మీ బాడీకి 17.5 నుంచి 18.7 కి వెళ్లినందుకు పోయేది 9 శాతమే. లోపలి లోహం మధ్య గీతకి దగ్గరగా ఉంటుంది, వంపుకి అది పెద్దగా అడ్డుపడదు. అడ్డుపడేది బయటి లోహం. అందుకే లోపల తీసినదానికంటే, బయట అందం కోసం లోతుగా గాడులు తీసినదే బాడీని ఎక్కువ బలహీనం చేస్తుంది. మధ్య గొట్టం గురించి మీరు నిశ్చింతగా ఉండండి.

ఇప్పుడు అసలు చోటుకి వద్దాం. మర అడుగున బయటి వ్యాసం 22 అన్నారు. అక్కడ గోడ ఇప్పుడు 2.25, తీశాక 1.65. అదే లెక్క అక్కడ వేస్తే 20 శాతం బలం పోతుంది. ఆ చోటే మర కోతలు వీ ఆకారంలో పదునుగా ఉంటాయి, దాని పక్కనే ఓ-రింగ్ (నీళ్లు చేరకుండా ఆపే రబ్బరు రింగు) గాడి ఉంటుంది. పదునైన మూల ఎక్కడుంటే దెబ్బ అక్కడికే చేరుతుంది. టార్చి పగిలిందంటే అక్కడే పగులుతుంది. మధ్యలో విరిగిన బాడీ నా దగ్గరికి రాలేదు, మర మెడ దగ్గర చీలినవే వచ్చాయి. అయినా 1.65 మి.మీ. మంచి అల్యూమినియంలో చాలినంత. 6061-టీ6 రకం అయితే శాశ్వతంగా వంగడానికి 275 మెగాపాస్కల్ ఒత్తిడి కావాలి. చవక టార్చిలకు వాడే 6063 రకం, అందులోనూ టీ5 అయితే, దానికి సగం దగ్గరే ఉంటుంది. కాబట్టి మీ టార్చికి నేను చెప్పే మాట, వంద రూపాయల టార్చి పట్టుకొచ్చి ఇలాగే తీయమనేవాళ్లకి చెప్పను.

అల్యూమినియానికి ఇంకో గుణం ఉంది. ఇనుముకి ఒక హద్దు లోపల ఎన్నిసార్లు బరువు పడినా అలసట రాదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న దెబ్బలు కూడా ఖాతాలో పడుతూనే ఉంటాయి. అందుకే తోక మూతని పట్టకారుతో బిగించకండి. చేత్తో బిగిస్తే ఓ-రింగ్ తన పని తాను చేస్తుంది.

పైన చెప్పిన 1.65 అనే అంకె రంధ్రం సరిగ్గా మధ్యలో పడితేనే నిజం. 0.4 పక్కకి జరిగిందనుకోండి, ఒక వైపు 2.05, ఇంకో వైపు 1.25 అవుతుంది. ఆ పలచని వైపు కింద పడిన రోజు తెలుస్తుంది. పక్కకి ఎందుకు జరుగుతుందంటే, చాలామంది మూడు దవడల చక్‌లో పట్టి, డయల్ (రంధ్రం మధ్యలో తిరుగుతోందో లేదో చూపే ముల్లు గేజి) పెట్టకుండా డ్రిల్లు దించేస్తారు. మూడు దవడల చక్ గొట్టాన్ని మూడు చోట్ల నొక్కుతుంది. గొట్టం అప్పుడు కొద్దిగా మూడు మూలలవుతుంది. మీరు లోపల గుండ్రంగా తీస్తారు, చక్ వదిలాక గొట్టం వెనక్కి వస్తుంది, అప్పుడు లోపలి గుండ్రం చెడిపోతుంది. సెల్లు ఒక వైపు బిగుసుకుపోయి ఇంకో వైపు ఆడుతుంది. నేను అల్యూమినియం కడ్డీ నుంచి ఒక చీలిక తొడుగు చేసుకుంటాను, అది టార్చి బాడీని చుట్టూ సమంగా పట్టుకుంటుంది. దాన్ని నాలుగు దవడల చక్‌లో పెట్టి, బాడీ లోపలి గోడకే డయల్ ముట్టించి తిప్పి చూస్తాను. బయటి గరుకు మీద డయల్ పెడితే ముల్లు ఊరికే గెంతుతుంది, అది నమ్మకూడదు.

తర్వాత టూల్ సంగతి. లోపల ఎనభై తొంభై మి.మీ. లోతుకి వెళ్లాలి. 17.5 రంధ్రంలో దూరే బోరింగ్ బార్ లావు 12 మి.మీ. కంటే పెద్దగా ఉండదు. లావుకి ఏడు రెట్లు బయటికి వేలాడుతున్న స్టీల్ బార్ వణకక మానదు, నాలుగు రెట్లు దాటితేనే కిర్రుమని శబ్దం మొదలవుతుంది. లోపల అలలు అలలుగా గీతలు పడతాయి. ఆ గీతలు చూడ్డానికి బాగోకపోవడమే కాదు, సెల్లు పైన ఉండే ప్లాస్టిక్ తొడుగుని ఆకురాయిలా గీకుతాయి. కార్బైడ్ బార్ ఉంటే నయం. లేకపోతే బార్‌తో సెంటరు సరిచేసి, 18.5 వరకు తీసి, ఆఖరి కోత రీమర్‌తో (రంధ్రాన్ని సరైన కొలతకి నున్నగా తెచ్చే టూల్) లాగాలి. అల్యూమినియం టూల్ మొనకి అంటుకుపోతుంది కాబట్టి కిరోసిన్ ధారాళంగా పోయాలి. రీమర్ల దగ్గర ఒక జాగ్రత్త చెబుతాను. మన దగ్గర ఎక్కువగా దొరికేది ముప్పావు అంగుళం రీమర్, అంటే 19.05 మి.మీ. చేతికి దొరికింది కదా అని దాంతో లాగేస్తే మర దగ్గర గోడ 1.47 కి దిగుతుంది, బలంలో 27 శాతం పోతుంది. అక్కర్లేని నష్టం అది.

రంధ్రం ఎక్కడైనా మెట్టుతో ఆగాల్సి వస్తే ఆ మూల పదునుగా వదలకూడదు. టూల్ మొన 0.8 గుండ్రంగా ఉంటే చాలు. మెట్టు మాత్రం సరిగ్గా బయటి మర మొదలయ్యే చోట పడకుండా చూసుకోవాలి, లోపల ఒక మూల, బయట ఒక మూల ఎదురెదురుగా ఉంటే పగులుకి దారి వేసినట్టే. రెండు చివర్లా అంచు గరుకు తీసి నున్నగా చేయాలి. సెల్లు దించేటప్పుడు ఆ గరుకే తొడుగుని చీరుతుంది.

21700 గురించి: వద్దు. దానికి 21.6 అయినా తీయాలి. మీ మర అడుగు 22. మిగిలేది 0.2 మి.మీ. రేకు. అది చక్‌లో ఉండగానే చిరిగిపోతుంది.  21700 కావాలంటే దానికోసం తయారైన టార్చి కొనుక్కోండి. మంచి 6పీ ని పాడుచేయకండి.

జవాబు: ప్యాక్‌బిల్డర్_రాణిగంజ్

టర్నర్ గారు లోహం గురించి చెప్పారు, నేను కరెంటు గురించి చెబుతాను. నేను సికింద్రాబాద్‌లో ఈ-బైకు బ్యాటరీ ప్యాకులు కడతాను, 18650 సెల్లులతోనే నా పని.

బోరింగ్ చేసినప్పుడు బాడీలో పోయేది గోడ ఒక్కటే కాదు. లోపల ఉన్న అనోడైజింగ్ పూత కూడా పోతుంది. ఆ పూత కరెంటుని పారనివ్వదు. అది ఉన్నన్నాళ్లూ సెల్లు తొడుగు చిరిగినా బాడీకి తగిలేది కాదు. ఇప్పుడు అది వట్టి అల్యూమినియం. 18650 సెల్లుకి పై బొడిపె ఒక్కటే ప్లస్, చుట్టూ ఉన్న డబ్బా అంతా మైనస్ అని గుర్తుపెట్టుకోండి.

మీ టార్చిలో ఒకే సెల్లు కాబట్టి ప్రమాదం చిన్నదే. బాడీ కూడా మైనస్ వైపే. తొడుగు చిరిగి డబ్బా బాడీకి తగిలితే స్విచ్చిని దాటేసి కరెంటు నేరుగా వెళ్తుంది, టార్చి ఆఫ్ కాకుండా వెలుగుతూనే ఉంటుంది. ఎప్పుడైనా స్విచ్చి నొక్కకుండానే వెలిగిందంటే స్విచ్చిని అనుమానించే ముందు సెల్లు తీసి తొడుగు చూడండి. కానీ ఎవరైనా పొడుగు బాడీ తెచ్చి రెండు 18650 లు వరసగా పెట్టాలని బోరింగ్ చేయిస్తే కథ మారిపోతుంది. ముందు సెల్లు డబ్బా, వెనక సెల్లు ప్లస్ రెండూ కలిసే ఉంటాయి. ముందు సెల్లు తొడుగు చిరిగి బాడీకి తగిలి, వెనక స్విచ్చి ఆన్‌లో ఉంటే వెనక సెల్లు పూర్తిగా షార్ట్ అవుతుంది. ఓ-రింగులతో బిగించిన గొట్టంలో లిథియం సెల్లు గ్యాసు వదిలితే ఆ గ్యాసుకి బయటికి దారి ఉండదు. గోడ 3.95 ఉన్నా 3.35 ఉన్నా ఆ ఒత్తిడిని ఆపడం మీద ఆశ పెట్టుకోకూడదు, అది రాకుండా చూసుకోవాలి. అలాంటి బాడీలో సెల్లుల చుట్టూ పలచని ఇన్సులేషన్ షీటు తప్పనిసరి, దానికి కూడా చోటు లెక్కేసుకుని బోరింగ్ చేయించాలి.

మీరు రెండు సీఆర్123 ల నుంచి ఒక్క 18650 కి మారడం మాత్రం నా దృష్టిలో మంచి పని. ఛార్జింగ్ లేని రెండు లిథియం సెల్లుల్లో ఒకటి కొత్తది, ఒకటి సగం అయిపోయింది కలిస్తే, అయిపోయిన సెల్లుని కొత్తది తిరగేసి నెడుతుంది, వేడెక్కి పేలిన సందర్భాలు ఉన్నాయి. ఒక్క సెల్లే ఉంటే ఆ గొడవ లేదు.

సెల్లు కొనేటప్పుడు లోపల రక్షణ సర్క్యూట్ ఉన్నది తీసుకోండి. పాత లాప్‌టాప్ ప్యాకుల్లోంచి పీకిన సెల్లులు చవగ్గా దొరుకుతాయి, చెరువు గట్టు మీద ఒంటరిగా తిరిగే మనిషి జేబులో అవి ఉండకూడదు. రక్షణ ఉన్న సెల్లు లావు 18.5 నుంచి 19 దాకా కంపెనీని బట్టి మారుతుంది, పొడవు 67 నుంచి 70. కాబట్టి ముందు సెల్లు కొని, కొలిచి, ఆ కొలత టర్నర్ గారికి ఇవ్వండి. బోరింగ్ చేయించి తర్వాత సెల్లు వెతుక్కోవద్దు.

చెరువుగట్టు_రాత్రికాపు

అందరికీ చాలా థ్యాంక్సండి. 21700 ఆలోచన వదిలేశాను. డాలస్ బాబాయి గారూ, 16650 సంగతి నాకు తెలియదు. ఒక సెల్లు తెప్పించి ముందు దాంతో కొన్ని రాత్రులు వాడి చూస్తాను. కానీ మా దగ్గర రాత్రి కరెంటు పోతే జనరేటర్ దాకా పరిగెత్తాలి, అక్కడ వైర్లు నీళ్లకి దగ్గరగా ఉంటాయి, సెల్లు అయిపోయి వెలుతురు సన్నగిల్లితే అడుగు వేయడానికి టెన్షన్. అందుకని 18650 మీదే మనసు ఉంది.

టర్నర్ గారూ, రెండు అడగాలి. ఉప్పు సంగతి మీరు చెప్పలేదు. ఇంకోటి, మీ దగ్గరికి తేలేకపోయి భీమవరంలోనే చేయిస్తే, పని సరిగ్గా జరిగిందో లేదో నేను ఎలా కనిపెట్టాలి?

జవాబు: టర్నర్_ఆటోనగర్

ఉప్పు సంగతి మర్చిపోలేదు, అది విడిగా చెప్పాల్సిన మాట అని ఆగాను. మీ విషయంలో బలం కంటే అదే పెద్ద సమస్య.

వట్టి అల్యూమినియం మీద గాలి తగిలితే దానంతట అదే పలచని పొర కట్టుకుంటుంది, మామూలు ఊళ్లో ఆ పొర చాలు. ఉప్పు ఆ పొరని చీల్చి చిన్న చిన్న గుంటలు చేస్తుంది. మర అడుగున 1.65 మి.మీ. గోడలో గుంట పడితే అది ఇంకో పదునైన మూల అవుతుంది. దానికి తోడు స్ప్రింగులు నికెల్ పూసిన స్టీల్, బాడీ అల్యూమినియం, మధ్యలో ఉప్పు తడి. రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే అల్యూమినియమే కరుగుతుంది. అంచుల మీద తెల్లటి పొడి కనిపించడం మొదలైతే అదే గుర్తు. టార్చిలో కరెంటు బాడీ మీదుగా, ఆ అంచుల మీదుగానే పోతుంది కాబట్టి పొడి చేరగానే వెలుగు మినుకు మినుకుమంటుంది. జనం ఎల్ఈడీ పోయిందనుకుంటారు.

లోపల మళ్లీ అనోడైజింగ్ చేయించమని ఎవరైనా చెబితే జాగ్రత్త. హార్డ్ అనోడైజింగ్ 25 మైక్రాన్ల పైనే ఉంటుంది, సగం లోహంలోకి దిగి సగం పైకి పెరుగుతుంది. రంధ్రం ఆ మేరకు బిగుస్తుంది, మరలు కూడా బిగుస్తాయి. రెండు చివరి అంచులూ మూసి పెట్టకుండా స్నానంలో ముంచితే టార్చి వెలగనే వెలగదు, కరెంటుకి దారి మూసుకుపోతుంది. పాత పూత తీసి కొత్తది వేసే పద్ధతిలో మర మీది లోహం కూడా కొంత కరుగుతుంది. అంత తతంగం మీకు అక్కర్లేదు. క్రోమేట్ పూత అని ఒకటి ఉంది, అది చాలా పలచన, కరెంటుని పారనిస్తుంది, ఉప్పుకి కొంత అడ్డుపడుతుంది. మీకు దగ్గర్లో చేసేవాళ్లు దొరికితే చేయించండి. దొరక్కపోతే ఓ-రింగులు కొత్తవి వేసి, సిలికాన్ గ్రీజు రాసి, లోపలికి తడి చేరకుండా చూసుకోవడమే అసలు రక్షణ. తడి చేతుల్తో గట్టు మీద సెల్లు మార్చకండి. షెడ్డులోకి వచ్చి, చేతులు మంచినీళ్లతో కడిగి తుడుచుకుని మార్చండి. వారానికోసారి తోక విప్పి అంచు చూడండి. ఎప్పుడైనా చెరువులో పడితే వెంటనే సెల్లు తీసేసి, బాడీ విడిగా మంచినీళ్లలో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. గుడ్డతో తుడిచి ఊరుకుంటే మర సందుల్లో ఉప్పు ఉండిపోతుంది.

పని ఎలా జరిగిందో చూసుకునే పద్ధతి చెబుతాను. గోడ మందం కొలవడానికి వెర్నియర్ చాలదు, లోపలి వంపు మీద అది సరిగ్గా ఆనదు. మైక్రోమీటర్ తీసుకుని, కదలని వైపు మొనకి చిన్న బేరింగ్ గోలీ ఒకటి గ్రీజుతో అంటించండి. ముందు గోలీ ఒక్కదాన్నే కొలిచి రాసుకోండి. తర్వాత గోలీని గొట్టం లోపలికి పోనిచ్చి గోడని పట్టండి, వచ్చినదాంట్లోంచి గోలీ కొలత తీసేస్తే గోడ మందం. తోక చివర చుట్టూ నాలుగు చోట్ల ఇలా కొలవండి. గరుకు లేని చోట, మర కొస మీద ఆనించి కొలిస్తే బావుంటుంది. నాలుగు కొలతల మధ్య తేడా 0.1 లోపు ఉంటే పనివాడు డయల్ పెట్టి చేశాడు. 0.3 వస్తే ఆ బాడీని చెరువు దగ్గర వాడకండి, ఇంట్లో పెట్టుకోండి. పని మొదలుపెట్టక ముందు కూడా ఒకసారి ఇలాగే కొలిచి రాసుకోండి, అప్పుడు తేడా ఎవరిదో తెలుస్తుంది.

లోపల నున్నదనం చూడటానికి చిటికెన వేలు చాలు, గోరుతో అడ్డంగా గీస్తే అలలు తగలకూడదు. తర్వాత సెల్లు దించండి. తోక కిందికి వంచితే సెల్లు తన బరువుకి తానే జారి బయటికి రావాలి. చేత్తో కొట్టి తీయాల్సి వస్తే బిగువు. చెవి దగ్గర ఊపితే టకటకమంటే వదులు. సెల్లు లావు మీద 0.2, మహా అయితే 0.3 ఎక్కువ ఉంటే చాలు. వదులుగా ఉంటే ఇంకో నష్టం ఉంది. రెండు సీఆర్123 లు కలిపి 34 గ్రాములు ఉంటే, ఒక 18650 నలభై అయిదు గ్రాములు దాటుతుంది. టార్చి పడినప్పుడు ఆ బరువు లోపల పరిగెత్తి ముందున్న మాడ్యూల్‌ని గుద్దుతుంది.

ముందు అంచు కూడా చూడండి. మాడ్యూల్ బయటి స్ప్రింగు ఆనేది ఆ అంచు మీదే. తీసిన తర్వాత అంచు వెడల్పు తగ్గుతుంది, పనివాడు గరుకు తీసే ఊపులో దాన్ని మరీ ఏటవాలుగా చేసేస్తే స్ప్రింగు లోపలికి జారుతుంది. అక్కడ చిన్న గీత మాత్రం తీసి వదిలేయమని ముందే చెప్పండి.

భీమవరంలో చేయించినా ఫర్వాలేదు. రైసుమిల్లు పనులు చేసే పాత టర్నర్లు అక్కడ మంచివాళ్లు ఉంటారు, నాలుగు దవడల చక్, డయల్, కార్బైడ్ బార్ ఉన్నాయా అని అడగండి. డయల్ లేదంటే బాడీ వెనక్కి తెచ్చేసుకోండి. విజయవాడ వచ్చే పని ఉంటే మీ సెల్లు, మాడ్యూల్, బాడీ మూడూ కలిపి తీసుకురండి. సెల్లు లేకుండా బాడీ ఒక్కటే తెస్తే నేను చేయను.

చెరువుగట్టు_రాత్రికాపు

తప్పకుండా వస్తానండి. పట్టుబడి అయ్యాక ఎలాగూ విజయవాడ రావాలి. సెల్లు ఈలోపు తెప్పించి, మైక్రోమీటర్‌తో కొలిచి, ఇక్కడే అంకెలు పెడతాను. 18.7 కి తీయాలో 18.9 కి తీయాలో అది చూసి చెప్పండి.